పెంట గుమ్మం, శృంగార ద్వారం

చిన్న పట్టణాల్లో మున్సిపల్ కార్యాలయానికి చేరే అర్జీల్లో రెండు ఫిర్యాదులు తరచు జంటగా కనిపిస్తాయి. ఒకటి చెత్త, రెండోది బిచ్చగాళ్లు. ఆర్టీసీ బస్టాండు ముందు ప్లాస్టిక్ కవర్లు, వాటర్ ప్యాకెట్లు, తిని పారేసిన విస్తర్లు. వాటి పక్కనే గోనెపట్టా పరుచుకుని పడుకున్న మనుషులు. రైతు బజారు దారిలో మురుగు కాల్వ పొంగుతూ ఉంటుంది, ఆ కాల్వ గట్టు మీదే చేయి చాచిన ముసలమ్మ కూర్చుని ఉంటుంది. చూసి చూసి విసిగిన వీధివాళ్లు సంతకాలు చేసి కాగితం పట్టుకెళతారు. అక్కడున్న చెత్తను, బిచ్చగాళ్లను వెంటనే తొలగించాలని అందులో కోరతారు.

ఆ కాగితం మీద సంతకం చేసినవాళ్లు కఠినాత్ములు కారు. వాళ్లలో మన సంఘస్థులూ ఉంటారు. సాయంత్రం ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లను తాగిన మనిషి వెంటాడితే ఏ తల్లి ఊరుకుంటుంది? దుకాణం మెట్ల మీద రాత్రంతా పడుకుని, అక్కడే మలవిసర్జన చేసి వెళితే పొద్దున్నే షట్టరు తీసే వ్యాపారి సహనం ఎన్నాళ్లు నిలుస్తుంది? పూడిన కాల్వలో దోమలు పెరిగి ఇంటికొకరు జ్వరంతో పడుకుంటే ఎవరికి కోపం రాదు? ఈ బాధ నిజమైనది. దాన్ని తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఆ అర్జీలో ఒక మాట దగ్గర క్రైస్తవుడు ఆగి ఆలోచించాలి. చెత్తకూ మనిషికీ కలిపి 'తొలగించడం' అనే ఒకే మాట వాడుతున్నాం. చెత్తను తొలగించవచ్చు. దాన్ని తీసుకెళ్లి ఎరువు చేయడానికి ఒక చోటు ఉంటుంది. మనిషిని తొలగించి ఎక్కడ పెడతాం? ఈ వీధి నుంచి తోలితే పై వీధికి, ఈ ఊరి నుంచి తోలితే పక్క ఊరికి వెళతాడు. అంతేకాదు, లోకం తమను ఊడ్చి పారేసే మురికిలా చూసిందని అపొస్తలుడైన పౌలు స్వయంగా రాసుకున్నాడు (1 కొరింథీ 4:13). దరిద్రుణ్ని పెంటకుప్ప మీది నుంచి లేవనెత్తేవాడు మన దేవుడని హన్నా ప్రార్థనలో సాక్ష్యమిచ్చింది (1 సమూయేలు 2:8). పెంటకుప్పనూ దాని మీద ఉన్న మనిషినీ వేరుచేసి చూడడమే దేవుని చూపు. మనం ఆ రెంటినీ ఒకే అర్జీలో కలిపేస్తున్నాం.

అందుకే ఈ వారం ఈ రెండు సమస్యలను విడదీసి, ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం. పరిశుద్ధ గ్రంథంలోని రెండు గుమ్మాలు మనకు దారి చూపుతాయి. ఒకటి నెహెమ్యా కాలంలోని పెంట గుమ్మం. రెండోది పేతురు, యోహానులు ప్రార్థనకు వెళుతూ ఆగిన శృంగారమను దేవాలయపు ద్వారం. రెండూ యెరూషలేములోనివే.

చెత్త ఎవరిది?

ముందు చెత్త సంగతి చూద్దాం. వీధిలో పడిన చెత్తను గమనిస్తే అది ఎవరి చేతి నుంచి పడిందో తెలిసిపోతుంది. కూరగాయల కవరు, టీ కప్పు, పార్శిల్ డబ్బా, గుట్కా ప్యాకెట్, పెళ్లి విందు ప్లేటు. ఇవన్నీ కొనే స్తోమత ఉన్నవాళ్లు వదిలినవి. బిచ్చమెత్తుకునే మనిషికి వస్తువులే తక్కువ, పారేసేది ఇంకా తక్కువ. పైగా ఆ బస్టాండులో పడుకునేవాళ్లలో కొందరు తెల్లవారకముందే లేచి సీసాలు, అట్టముక్కలు, ఇనుము ఏరి పాత సామాన్ల దుకాణంలో అమ్ముకుంటారు. అంటే ఎవరిని ఊరికి మురికి అంటున్నామో, వారిలో కొందరే జీతం లేకుండా ఆ మురికిని ఎత్తుతున్నారు.

ఇంకొక విషయం. పండుగ రోజుల్లో మంచి మనసుతో బిచ్చగాళ్లకు భోజనం పొట్లాలు పంచుతారు. క్రిస్మస్‌కు, ఈస్టర్‌కు మన యువజనులూ పంచుతారు. తిన్న తర్వాత ఆ ప్లేటు, ఆ కవరు, ఆ నీళ్ల ప్యాకెట్ ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పరు, ఒక డబ్బా అయినా పెట్టరు. మర్నాడు అక్కడ చెత్త కనిపిస్తే నింద తిన్నవాడి మీద పడుతుంది. పంచినవాడి ఫొటో మాత్రం ఫోన్లలో తిరుగుతుంది.

మన ప్రభువు అలా చేయలేదు. ఐదు రొట్టెలు, రెండు చేపలతో 5 వేల మంది పురుషులను తృప్తిపరచిన తర్వాత, ఏదీ వృథా కాకుండా మిగిలిన ముక్కలన్నీ పోగుచేయమని శిష్యులకు ఆజ్ఞాపించాడు. 12 గంపలు నిండాయి (యోహాను 6:12, 13). రొట్టెలను లేనిదాని నుంచి విస్తరింపజేయగలవాడికి ముక్కలతో పనేమిటి? అయినా ఏరించాడు. ఏరింది కూడా జనసమూహం కాదు, శిష్యులు. విందు పెట్టినవాడే విందు తర్వాత స్థలాన్ని చూసుకోవాలనే పాఠం ఆ పచ్చిక మీద వాళ్లు నేర్చుకున్నారు. అద్భుతం గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాం. గంపల గురించి కూడా వినవలసిన కాలం ఇది.

మోషే ధర్మశాస్త్రం ఇంకా సూటిగా మాట్లాడుతుంది. పాళెం వెలుపల ఒక చోటు ఉండాలని, ప్రతివాని దగ్గర ఒక పనిముట్టు ఉండాలని, మలాన్ని మట్టితో కప్పాలని ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం ఆదేశిస్తుంది. కారణం కూడా చెబుతుంది: దేవుడు ఆ పాళెంలో సంచరిస్తున్నాడు. ఇక్కడ మూడు సంగతులు గమనించాలి. చోటు ఏర్పాటు చేయడం సమాజం బాధ్యత. పనిముట్టు పట్టుకోవడం ఒక్కొక్కరి బాధ్యత. దానికి ఆధారం ఆరాధన. మరుగుదొడ్డి లేని ఊరిలో ఆరుబయటకు వెళ్లిన మనిషిని తిట్టే ముందు మొదటి బాధ్యత నెరవేరిందా అని అడగాలి. బస్టాండులో డబ్బు చెల్లిస్తేనే తలుపు తెరిచే మరుగుదొడ్డి, జేబులో చిల్లర లేని మనిషికి లేనట్టే.

మన రాష్ట్రాల అనుభవమే చూద్దాం. అప్పటి నల్గొండ జిల్లాలోని సూర్యాపేట సుమారు లక్ష జనాభా ఉన్న పట్టణం. 2003 ప్రాంతంలో ఆ మున్సిపాలిటీ వీధుల్లోని చెత్తకుండీలను తీసేసి, ఇంటింటికీ, దుకాణం దుకాణానికీ బండి పంపి, తడి చెత్త, పొడి చెత్త వేర్వేరుగా సేకరించడం మొదలుపెట్టింది. తడి చెత్తను వానపాముల ఎరువుగా మార్చింది, పొడి చెత్తను అమ్మింది. పెద్ద యంత్రాలేమీ అక్కడ లేవు. ఉన్న సిబ్బంది, ఉన్న బళ్లు, ఒక అధికారి పట్టుదల, ఇంటి దగ్గరే వేరుచేసి ఇచ్చిన జనం, ఇవి కలిశాయి. దేశంలోని ఇతర పట్టణాలవాళ్లు వచ్చి చూసి వెళ్లారు. చిన్న ఊరికి ఇది సాధ్యం కాదనే మాటకు ఇరవై ఏళ్ల కిందటే ఒక తెలుగు పట్టణం జవాబు చెప్పింది.

చట్టాలకు కొరత లేదు. తడి చెత్త, పొడి చెత్త, ప్రమాదకరమైన చెత్త మూడూ ఇంట్లోనే వేరుచేయాలని 2016 నిబంధనలు చెప్పాయి. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, చెంచాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, 100 మైక్రాన్లకంటే పలుచని ప్లాస్టిక్ బ్యానర్లు దేశమంతటా నిషేధం. ఆ జాబితాను మన సంఘ కమిటీలు ఒకసారి చదవాలి. క్రిస్మస్ పశువుల పాక అలంకరణ, ఉజ్జీవ కూటాల బ్యానర్లు, ప్రేమ విందు గ్లాసులు ఆ జాబితాలోకి వస్తాయో రావో చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 18న మైదుకూరు నుంచి ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛత కార్యక్రమం ప్రారంభమైంది. నెలకొక శనివారం చీపురు పట్టడం మంచిదే. మిగిలిన రోజుల్లో చీపురు పట్టేవాళ్ల సంగతి?

మల్కీయా ఎవరు?

నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం చాలామందికి పేర్ల పట్టికలా కనిపిస్తుంది. అందులో ప్రధాన యాజకుడు గొఱ్ఱెల గుమ్మం కట్టాడు. పరిమళ ద్రవ్యాలు చేసేవాళ్లు, బంగారు పనివాళ్లు గోడ కట్టారు. తెకోవ ఊరి అధికారులు మాత్రం ఆ పనికి మెడ వంచలేదని కూడా రాసి ఉంది (3:5). మరి ఊరి చెత్త బయటకు పోయే పెంట గుమ్మం ఎవరు బాగుచేశారు? బేత్‌హక్కెరెము ప్రదేశానికి అధిపతి అయిన మల్కీయా (3:14). ఒక ప్రదేశానికి అధిపతి అయినవాడు అందరికంటే కంపు కొట్టే గుమ్మాన్ని తన వంతుగా తీసుకున్నాడు. దాన్ని కట్టి, తలుపులు నిలబెట్టి, గడియలు అమర్చాడు. నెహెమ్యా రాత్రివేళ పట్టణాన్ని పరిశీలించినప్పుడూ ఆ గుమ్మం దాకా వెళ్లాడు (2:13). పట్టణం బాగుపడాలంటే ఆ వైపుకు పోయి చూడక తప్పదు.

మన దేశంలో ఆ గుమ్మం పనిని తరతరాలుగా కొన్ని కులాల నెత్తిన పెట్టారు. తెలుగు క్రైస్తవ సంఘాలకు ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎన్నో పట్టణ సంఘాల్లో ముందు వరుసల్లో కూర్చునే కుటుంబాల తాతలో, వెనుక వరుసల్లో కూర్చునే తల్లులో మున్సిపాలిటీ చీపురు పట్టినవాళ్లే. తెల్లవారుజామున 5 గంటలకు హాజరు వేయించుకుని, చేతితొడుగులు చిరిగిపోయినా కాల్వలో చేయి పెట్టే తల్లి, ఆదివారం తెల్లచీర కట్టుకుని ప్రభువు బల్లకు వస్తుంది. మనం కిటికీలోంచి విసిరే ప్రతి కవరూ రేపు ఆమె నడుం వంగితేనే లేస్తుంది. పొరుగువాణ్ని ప్రేమించడమనే ఆజ్ఞకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ వెతకనక్కర్లేదు.

2023 డిసెంబరు చివర్లో ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు జీతాల కోసం, ఉద్యోగ భద్రత కోసం సమ్మెకు దిగారు. క్రిస్మస్ అయిన మర్నాడే మొదలైన సమ్మె అది. ఊళ్లలో చెత్త పేరుకున్నాక గానీ ఆ పని విలువ చాలామందికి కనబడలేదు. వీధి శుభ్రంగా లేదని అర్జీ పెట్టే మనం, ఆ వీధి ఊడ్చేవారికి జీతం నెలనెలా అందుతోందా, చెప్పులు, తొడుగులు ఇచ్చారా అని కూడా అదే అర్జీలో అడగవచ్చు. కూలివాని కూలి మొరపెడుతుందని యాకోబు హెచ్చరించాడు (5:4). శుభ్రత కోరేవాళ్ల నోట ఈ మాట వస్తే మున్సిపాలిటీకీ బరువు తెలుస్తుంది.

చేయి చాచినవాడు ఎవరు?

ఇప్పుడు రెండో గుమ్మం. దేశంలో 4 లక్షల 13 వేల మందికి పైగా బిచ్చగాళ్లు, దేశదిమ్మరులు ఉన్నారని 2011 జనాభా లెక్కలు చెప్పాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య సుమారు 30 వేలు. ఈ లెక్కలో చేరనివాళ్లు ఎందరో. ఇల్లు లేని మనిషిని లెక్కపెట్టడం తేలిక కాదు.

వీళ్లందరినీ 'బిచ్చగాళ్లు' అనే ఒక్క మాటతో పిలుస్తాం గానీ, ఆ ఒక్క మాట కింద నలుగురైదుగురు వేర్వేరు మనుషులు ఉన్నారు. కొడుకులు వంతులేసుకుని విసిగి వదిలేసిన తల్లి. కాలు పోయి కూలి దొరకని మేస్త్రి. మతి చెడి రైలెక్కి భాష తెలియని ఊళ్లో దిగిన మనిషి. కుష్ఠు నయమైనా ఊరు రానివ్వని వృద్ధుడు. మద్యానికి బానిసైనవాడు. ఎవరో తెచ్చి కూర్చోబెట్టిన పసిపిల్ల. వీళ్లలో ప్రతి ఒక్కరి సమస్యా వేరు, మందు వేరు. అందరికీ ఒకే రూపాయి విసరడం ఎంత పొరపాటో, అందరినీ ఒకే వ్యానులో ఎక్కించడం అంతే పొరపాటు.

వ్యానులో ఎక్కించే ప్రయోగాలు మనం చూశాం. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్‌లో పోలీసులు భిక్షాటనను నిషేధించారు. పట్టుకున్నవారిని చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ప్రాంగణాల్లోని ఆశ్రయాలకు తరలించారు. అతిథులు వచ్చి వెళ్లారు. కూడళ్లలో చేతులు మళ్లీ కనిపించాయి. 2025 జనవరి 1 నుంచి ఇండోర్‌లో భిక్ష వేయడమే నేరమని ఉత్తర్వు వచ్చింది. వేసినవారి మీద కేసులు కూడా పెట్టారు. ఆ నగరం పునరావాసం కోసం కూడా పని చేసింది, అది మెచ్చుకోదగినదే. అయితే ఇచ్చే చేతిని నేరం చేసిన ఉత్తర్వును బైబిలు చదివేవాడు జీర్ణించుకోవడం కష్టం. దేశంలో బీదలు ఉండక మానరు గనుక చేయి చాపమని ధర్మశాస్త్రం చెబుతోంది (ద్వితీయోపదేశకాండం 15:11).

మన దగ్గర 1977లోనే యాచక నిరోధక చట్టం వచ్చింది. దేశంలో చాలా రాష్ట్రాల చట్టాలకు మాదిరి 1959 నాటి బొంబాయి చట్టం. ఆ చట్టం ప్రకారం బిచ్చమెత్తినవారిని మొదటిసారి 1 నుంచి 3 ఏళ్లు, మళ్లీ మళ్లీ పట్టుబడితే 10 ఏళ్ల వరకు నిర్బంధ గృహంలో ఉంచవచ్చు. 2018 ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, తన పరిధిలో, ఆ చట్టంలో భిక్షాటనను నేరం చేసే సెక్షన్లను కొట్టివేసింది. బతకడానికి వేరే దారి లేని మనిషిని శిక్షించడం రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. 2021 జూలైలో కోవిడ్ వేళ బిచ్చగాళ్లను కూడళ్ల నుంచి తీసివేయాలని ఒకరు సుప్రీంకోర్టుకు వెళితే, తాము సంపన్నుల దృష్టితో చూడబోమని, ఇది పేదరికానికి సంబంధించిన సమస్య అని, వారికి టీకాలు, పునరావాసం ఎలా అందిస్తారో ప్రభుత్వాలు చెప్పాలని న్యాయస్థానం అంది. కోర్టు మాటలో మనకు బర్తిమయి కథ వినిపించాలి. యెరికో దారి పక్కన కేకలు వేస్తున్న ఆ గుడ్డివాణ్ని ఊరుకోమని గద్దించింది అన్యులు కాదు, యేసును వెంబడిస్తున్న జనసమూహం. యేసు నిలిచాడు, పిలిపించాడు, నీకు నేనేమి చేయాలని కోరుకుంటున్నావు అని అడిగాడు (మార్కు 10:46-52). కూడలిలో చేయి చాచినవాణ్ని ఆ ప్రశ్న అడిగినవాళ్లు ఎందరున్నారు?

మరి ఆశ్రయాల సంగతి? నగరాల్లో ప్రతి లక్ష జనాభాకు ఒక రాత్రి బస ఉండాలని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించింది. 2022 ఫిబ్రవరిలో కేంద్రం ప్రారంభించిన 'స్మైల్' పథకంలో భిక్షాటనలో ఉన్నవారి పునరావాసం ఒక భాగం. దానికి ఎంచుకున్న నగరాల్లో మనవైపు నుంచి విజయవాడ, వరంగల్ ఉన్నాయి. లక్ష జనాభా లేని పట్టణం ఈ లెక్కల సందుల్లోంచి జారిపోతుంది. నగరంలో గట్టిగా తరిమితే మనుషులు రైలెక్కి దిగేది కూడా ఇలాంటి పట్టణాల్లోనే. అందుకే చిన్న పట్టణాల బాధ పెరుగుతోంది గానీ, దాన్ని మోసే ఏర్పాటు అక్కడ లేదు. ఈ ఖాళీలో నిలబడగలిగింది ఎవరు? ప్రతి చిన్న పట్టణంలోనూ ఉన్న సంస్థ ఒకటుంది. అదే సంఘం.

పని చేయనివాడు తినకూడదా?

ఇక్కడ చాలామంది విశ్వాసులు ఒక వాక్యం ఎత్తి చూపుతారు. పని చేయనివాడు భోజనం చేయకూడదని పౌలు చెప్పలేదా అంటారు. థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రిక 3:10 జాగ్రత్తగా చదవాలి. పౌలు మాట్లాడింది పని చేయలేనివాడి గురించి కాదు, చేయడానికి ఇష్టపడనివాడి గురించి. ఆ మాట చెప్పింది కూడా బయటి బిచ్చగాడికి కాదు, సంఘంలోనే ఉండి ఇతరుల జోలికి పోతూ సోమరులుగా తిరిగేవారికి. ఆ అధ్యాయంలోనే 13వ వచనం మేలు చేయడంలో విసుకవద్దని చెబుతుంది. సోమరితనాన్ని మందలించిన కలమే విసుగును కూడా మందలించింది.

అలాగని కళ్లు మూసుకుని ఇచ్చుకుంటూ పోవడం కూడా వాక్యం నేర్పలేదు. పొలం యజమాని కోతవేళ అంచులు వదిలేయాలని, పేదవాడు వచ్చి ఏరుకోవాలని లేవీయకాండం 19 చెబుతుంది. రూతు అలా ఏరుకునే బోయజు పొలానికి వచ్చింది. ఆమెకు గింజలూ దక్కాయి, గౌరవమూ దక్కింది. అపొస్తలుల కార్యములు 6లో రోజూ పంచే భోజనంలో కొందరు విధవరాండ్రకు అందడం లేదని సణుగుడు వస్తే, పంచడం ఆపలేదు, ఏడుగురిని ఏర్పాటు చేశారు. తిమోతికి రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ఎవరు నిజంగా దిక్కులేనివారో పట్టిక తయారుచేశారు. పిల్లలో మనవలో ఉంటే ముందు వాళ్లే చూడాలని, స్వకీయులను చూడనివాడు విశ్వాసం విడిచినవాడని గట్టిగా రాశారు. ఆది సంఘం పేర్లు తెలుసుకుంది, లెక్క రాసింది, కుటుంబాన్ని నిలదీసింది, బాధ్యులను నియమించింది. ఈ నాలుగూ మనం చేస్తున్నామా?

శృంగార ద్వారం దగ్గర జరిగింది కూడా ఇదే. పుట్టుకతో కుంటివాడైన ఆ మనిషికి 40 ఏళ్లు దాటాయి (అపొ. కార్య. 4:22). ఎవరో ప్రతిరోజూ మోసుకొచ్చి అక్కడ కూర్చోబెట్టేవాళ్లు. అంటే అతనికి మోసేవాళ్లున్నారు, వేసేవాళ్లున్నారు, లేపేవాళ్లే లేరు. పేతురు ముందు అతని వైపు తేరిచూశాడు. తన దగ్గర వెండి బంగారాలు లేవని నిజం చెప్పాడు. యేసు నామమున నడవమని, కుడి చెయ్యి పట్టుకుని లేవనెత్తాడు. ఆ మనిషి లేచి వాళ్లతో కలిసి దేవాలయంలోకి వెళ్లాడు (3:1-8). ఇన్నేళ్లూ గుమ్మం బయటే ఉన్నవాడు ఆ రోజు లోపలికి అడుగుపెట్టాడు. మన మందిరాల గేటు దగ్గర ఆదివారం పొద్దున కూర్చునేవాళ్లలో ఒక్కరైనా లోపలి బెంచీ మీద కూర్చున్నారా? మాసిన బట్టలతో వచ్చిన బీదవాణ్ని అక్కడే నిలబడమనడం దురాలోచనతో తీర్పు తీర్చడమేనని యాకోబు అన్నాడు (2:2-4).

తెలుగు నేల మీద ఇలా చేయి పట్టుకున్నవారున్నారు. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసాబెల్ కెర్ అనే స్కాట్లండ్ వైద్య మిషనరీ కుష్ఠురోగుల కోసం ఆస్పత్రి నెలకొల్పారు. దానికి ఒక స్థానిక హిందూ దాత చేయూతనిచ్చారు. ఊరు బయటకు తోలినవాళ్లకు అక్కడ మందుతో పాటు చేయడానికి పని దొరికింది, ఉండడానికి ఊరు దొరికింది. ఊరివాళ్ల భయం అప్పుడూ ఉంది, అది నిజమైన భయమే. ఆ భయానికి జవాబుగా తరిమికొట్టడం కాక వైద్యం వచ్చింది.

సంఘం ఏం చేయగలదు?

మహాద్భుతాలు చేయనక్కర్లేదు. ఉన్న చట్టాలూ పథకాలూ ఆ మనిషిదాకా చేరేలా మధ్యలో ఒకరు నిలబడితే చాలా మారుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధుల పింఛన్‌ను 2024 జూలై నుంచి 4 వేల రూపాయలకు, వికలాంగుల పింఛన్‌ను 6 వేలకు పెంచారు. చిరునామా లేని మనిషికి కార్డు రాదు, కార్డు లేని మనిషికి పింఛను రాదు. కార్యాలయాల చుట్టూ తోడు తిరిగే ఒక రిటైర్డ్ టీచరు, ఒక పెద్ద గుమస్తా ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్ల వారానికొక పూట చాలు.

కన్నవారిని వదిలేసిన పిల్లల నుంచి పోషణ ఇప్పించడానికి 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల సంక్షేమ చట్టం ఉంది. వృద్ధుల కోసం 14567 అనే ఫోన్ నంబరు ఉంది. ఆ కొడుకు మన సంఘస్థుడే అయితే చట్టం దాకా వెళ్లకముందే కాపరి, పెద్దలు అతని ఇంటికి వెళ్లాలి. మతి చెడి తిరిగేవారిని రక్షించి, 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లడం పోలీసుల విధి అని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. చాలా ఊళ్లలో ఈ సంగతి అడిగేవాళ్లు లేక అమలుకాదు.

పిల్లల చేతిలో డబ్బు పెట్టడం మాత్రం మానుకోవాలి. పసిపిల్లను భిక్షాటనకు వాడుకునేవారికి 2015 బాలల న్యాయ చట్టం 5 ఏళ్ల వరకు జైలు శిక్ష విధించింది. మనం వేసే పది రూపాయలు ఆ పిల్లకు చేరదు, ఆమెను కూర్చోబెట్టిన చేతికి చేరుతుంది. ఆమె కోసం చేయవలసింది 1098కి ఫోను, ఆ తర్వాత బడిలో చేరిందో లేదో చూసే ఓపిక. మద్యానికి బానిసైనవాడికీ డబ్బు కాక భోజనం, వైద్యుడి దగ్గరకు తోడు, నిలబడే స్నేహితుడు కావాలి. ఇబ్బంది పెట్టేవాడి మీద, ఆడపిల్లల్ని వేధించేవాడి మీద పోలీసులకు చెప్పడంలో తప్పు లేదు. తప్పు చేసింది ఆ ఒక్కడు. శిక్ష మెట్ల మీద పడుకున్న అందరికీ పడకూడదు.

ఆశ్రయం పేరుతో నిర్బంధం కూడా జరగకూడదు. 2000లో ఢిల్లీ లాంపూర్‌లోని యాచకుల గృహంలో కలుషితమైన నీటి వల్ల వ్యాధి ప్రబలి కొందరు చనిపోయారు. ఆ కేసులో 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, అటువంటి గృహాలను జైళ్లలా కాక గౌరవంగా బతికే చోట్లుగా నడపాలని తీర్పు చెప్పింది. దారిలో మురికి కనిపించకూడదని మనుషుల్ని గోడల వెనక్కి పంపితే మురికి గోడ వెనక పెరుగుతుంది.

ఇక చెత్త విషయంలో సంఘం తన ఆవరణ నుంచే మొదలుపెట్టవచ్చు. ప్రేమ విందుకు స్టీలు పళ్లేలు, గ్లాసులు ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తాయి. అరిటాకో, మోదుగాకు విస్తరో మట్టిలో కలిసిపోతుంది. భోజనం పొట్లాలు పంచే యువజనులు గోనెసంచి కూడా వెంట తీసుకెళ్లి, అందరూ తిన్నాక ఏరుకునే రావాలి. సండే స్కూలు పిల్లలకు 12 గంపల పాఠం ఒక ఆదివారం బయట, గేటు ముందు చెప్పాలి. వీధి ఊడ్చే అమ్మను, అన్నను ఏడాదికొకసారి ఆరాధనలో పేరు పెట్టి పిలిచి ప్రార్థించాలి.

వీధివాళ్లు అర్జీ తెచ్చినప్పుడు మనమూ సంతకం చేద్దాం. కాకపోతే కాగితం రెండుగా రాయమందాం. ఒకదాని మీద చెత్తబండి రోజూ రావాలని, కాల్వ తీయాలని, ఉచిత మరుగుదొడ్డి కట్టాలని, కార్మికుల జీతం ఆపవద్దని రాద్దాం. రెండోదాని మీద బస్టాండులో ఉన్న ఒక్కొక్కరి పేరు, వయసు, ఊరు, ఆరోగ్యం రాసి, ఎవరికి పింఛను, ఎవరికి ఆస్పత్రి, ఎవరికి బడి కావాలో రాద్దాం. ఆ రెండో కాగితం రాయాలంటే ముందు వాళ్ల పక్కన కూర్చుని మాట్లాడాలి. ఎంతమంది విశ్వాసులు అక్కడ కూర్చోగలరో, ఆ పట్టణంలో సంఘం అంత బలంగా ఉన్నట్టు.

బబులోనుకు చెరపట్టబడిన తన ప్రజలతో సైతం, మీరున్న పట్టణం క్షేమం కోరండి, దాని కోసం ప్రార్థించండి అని దేవుడు చెప్పాడు (యిర్మీయా 29:7). శత్రువుల పట్టణం గురించే అలా చెబితే, మనం పుట్టి పెరిగిన ఊరి గురించి ఏమంటాడు? ఈ ఆదివారం ఆరాధన ముగిసి గేటు దాటేటప్పుడు రెండు పనులు చేద్దాం. కాలికింద పడి ఉన్న కాగితాన్ని వంగి తీద్దాం. చేయి చాచి కూర్చున్న మనిషిని పేరేమిటని అడుగుదాం.